పంక్చరు నాలుగు వందలు, మిగతాది ఎవరి ఖాతా?

ఏటేటా మన సంచికలో కవితలు ఉంటాయి, హాస్టలు భోజనం మీద హాస్య వ్యాసాలు ఉంటాయి, నిరుద్యోగం మీద, వరకట్నం మీద ఆవేశంగా రాసిన వ్యాసాలు ఉంటాయి. వాటి మధ్య టైరు పంక్చరు మీద వ్యాసం ఏమిటని మిత్రులు కొందరు నవ్వారు. నవ్వవలసిందే. సైకిలు పంక్చరైతే సెంటర్లో ఇచ్చేసి, టీ తాగి వచ్చేలోగా అయిపోయే పని అది. కాని కడియం ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి ఆ మాట వింటే ముందుగా గుర్తుకు వచ్చేది సైకిలు కాదు, అర్ధరాత్రి రోడ్డు వారన ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయిన మొక్కల లారీ.

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి, జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరం వైపు వచ్చే 16వ నెంబరు జాతీయ రహదారి (2010లో నెంబర్లు మార్చేదాకా దీన్నే మన పెద్దలు ఐదో నెంబరు రోడ్డు అనేవారు) కడియపులంక చేరేసరికి రెండు పక్కలా నర్సరీలే. అక్కడి నుంచి లోపలికి వెళితే బుర్రిలంక, జేగురుపాడు, వీరవరం, పొట్టిలంక, ఎటు చూసినా కవరు మొక్కలే. సాయంత్రం అయ్యేసరికి లారీలు లోడు ఎత్తుకుంటాయి. ఒడిశా, బెంగాలు వైపు కొన్ని, మహారాష్ట్ర, గుజరాతు, ఢిల్లీ వైపు కొన్ని. ఎండపొద్దు తప్పించుకుని రాత్రంతా నడవాలని వాళ్ళ ఆశ. టైరు కూడా రాత్రే పేలుతుంది, అది దాని ఇష్టం.

మొక్కల లోడు చూసేవాళ్ళకు తేలిగ్గా కనిపిస్తుంది. పచ్చటి ఆకులే కదా అనిపిస్తుంది. నిజానికి కవరు మొక్క అంటే మొక్క ఒక్కటే కాదు. దాని కింద మట్టి, ఆ మట్టిలో నీళ్ళు. బయలుదేరే ముందు బాగా తడిపి ఎత్తుతారు గనుక మట్టి బరువుకు నీటి బరువు తోడవుతుంది. ఆకు పైకి కనిపిస్తుంది, బరువంతా అడుగున ఉంటుంది. ఇంకో సంగతి. ఇనుము లోడో సిమెంటు లోడో అయితే రోడ్డు మీద రెండు రోజులు ఆగినా దానికేమీ కాదు. మొక్క అలా కాదు. లారీ నడుస్తున్నంతసేపూ గాలి ఆడుతుంది. నిలబడితే టార్పాలిను కింద వేడి పేరుకుంటుంది, ఆకులు వదిలే ఇథిలీను వాయువు బయటికి పోక అక్కడే తిరుగుతుంది, దానితో ఆకులు పండి రాలతాయి. బోటనీ మిత్రులకు ఇది నేను చెప్పనక్కరలేదు. కాబట్టి మా ప్రాంతపు లారీకి పంక్చరు ఖర్చు టైరు దగ్గర మొదలై మొక్క దాకా పోతుంది.

మా వీధిలో నాకు బాబాయి వరసయ్యే ఒక డ్రైవరు చెప్పిన లెక్క ఇక్కడ రాస్తాను. ఆ లోడులో ఒక మూల మా నాన్న పెంచిన క్రోటన్లూ, కొబ్బరి మొక్కలూ ఉన్నాయి గనుక ఆ లెక్క మా ఇంటికి కూడా వచ్చింది. అన్నవరం దాటాక, తుని ఇంకా రాకముందు, రాత్రి ఒంటిగంట వేళ వెనక జత టైర్లలో లోపలిది మేకు దిగి మెత్తబడింది. చీకట్లో లోపలి టైరు ఎవరికి కనిపిస్తుంది? దాని బరువు కూడా బయటి టైరే మోసింది. మోసి మోసి కాలి, పేలింది. బాబాయి బండిని ఎడం పక్క మట్టిలోకి దించాడు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది. కాని ఆ మట్టి మెత్తన. జాకీ కింద చెక్క పెట్టినా లారీ లేవడానికి బదులు చెక్కే దిగిపోతోంది. పంక్చరు కుర్రాడు ట్రక్కు ఆటోలో కంప్రెషరు వేసుకుని వచ్చి, లోడు సగం దించితే తప్ప కాదన్నాడు. దగ్గర ఊళ్ళోంచి నలుగురు కూలీలు వచ్చారు. దించారు, మళ్ళీ ఎత్తారు. తెల్లారిపోయింది.

ట్యూబు అతికినందుకు 400. రాత్రివేళ ఆటో కట్టించుకుని వచ్చినందుకు 1,500. రెండు చక్రాలు ఊడదీసి బిగించినందుకు 600. కూలీలకు 2,400. మొత్తం 4,900. పోయిన టైరు సంగతి వేరే. ఒక రోజు ఆలస్యమైందని అవతల దిగుమతి చేసుకున్నవాళ్ళు కిరాయిలో 3,000 కోశారు. వాడిపోయిన మొక్కలకు ధర కట్టలేదు.

"పంచరుకి నాలుగొందలే రా అబ్బాయ్. మిగతాదంతా చీకటికిచ్చాను" అన్నాడు బాబాయి. ఆయన ఎకనామిక్సు చదవలేదు గాని ఆ మాటలో చాలా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ డబ్బు ఎవరి ఖాతాలో పడింది? ట్రాన్సుపోర్టు ఆఫీసువాళ్ళు చీటీ అడిగారు. చీటీ ఉన్నది పంక్చరుకు మాత్రమే. పంక్చరు కుర్రాడు పుస్తకంలోంచి చింపి ఇచ్చిన పచ్చ కాగితం మీద 400 అని ఉంది. అంతవరకు ఇచ్చారు. అర్ధరాత్రి రోడ్డు మీద కూలీలు వోచరు ఇస్తారా? ఆటోవాడు రసీదు రాస్తాడా? 4,500 బాబాయి బత్తాలోంచి పోయింది. మొక్కల నష్టం పెంచిన రైతుల మీద, తలా కొంచెం. చీటీ ఉన్న ఖర్చు పైవాడిది, చీటీ లేని ఖర్చు కిందవాడిది. నేను చూసినంతవరకు మా ఊళ్ళో ఇదే ఆచారం. దీన్ని ఎవరూ అన్యాయం అనరు, 'మామూలు' అంటారు.

ఈ కథ ఎవరికి చెప్పినా మొదట తిట్టేది పంక్చరు కుర్రాణ్ణే. "రాత్రి పూట దోచేస్తారండీ" అంటారు. రోడ్డు మీద మేకులు చల్లేది కూడా వాళ్ళేనని ఇంకో మాట. ఎక్కడో ఎవడో ఆ పని చేసి ఉండవచ్చు, కాదనను. కాని ఆ 1,500 గురించి నేను కాస్త ఆలోచించాను. ఒంటిగంటకు నిద్ర లేచి, పది పదిహేను కిలోమీటర్లు కంప్రెషరు మోసుకుని, పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే వీపు అటు పెట్టి కూర్చుని పని చేయాలి. వెలుతురు అంటే సెల్‌ఫోను టార్చి. దీనికి వెల ఎంత? మనలో ఎవరైనా ఆ డబ్బుకు వెళతామా?

ఇక ఆ చక్రం సంగతి. ట్యూబు వేసే లారీ చక్రానికి డిస్కు ఒక ముక్కగా ఉండదు. టైరు ఎక్కించాక పక్కనుంచి ఒక ఇనుప లాకు రింగు బిగిస్తారు. ఆ రింగు టైరును పట్టి ఉంచాలి. గాలి నూట పది పౌండ్ల దాకా కొడతారు. ఇరవై అంగుళాల డిస్కు, పెద్ద లారీ టైరు తీసుకుని నేను రఫ్‌గా లెక్క వేశాను. లోపలి గాలి టైరు పక్కగోడను బయటికి నెడుతుంది. ఆ తోపుడులో రింగు వైపుకు వచ్చే భాగం ఇరవై టన్నుల దరిదాపుల్లో ఉంది. మా క్లాసులో కొందరు నమ్మలేదు. పీడనాన్ని వైశాల్యంతో హెచ్చవేసి చూడండి, మీకూ అంతే వస్తుంది. రింగు తుప్పు పట్టి ఉన్నా, గాడిలో సరిగా కూర్చోకపోయినా, గాలి కొడుతున్నప్పుడు అది ఎగిరి వస్తుంది. తగిలి చనిపోయినవాళ్ళ వార్తలు పత్రికల్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లలో వస్తుంటాయి. అమెరికాలో 1980లోనే ఇలాంటి చక్రాలకు గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టి కొట్టాలని నిబంధన తెచ్చారు. మన దారిలో షాపుల ముందు నేను చూసిన పద్ధతి ఏమిటంటే, చక్రాన్ని నేల మీద పడేసి, రింగు మీద ఒక కాలు పెట్టి నిలబడడం! ట్యూబు లేని టైర్లు, ఒక్క ముక్క డిస్కులు వచ్చిన కొత్త లారీలతో ఈ ప్రమాదం తగ్గుతోంది. పాత లారీలు మాత్రం ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి.

కాబట్టి పంక్చరు కుర్రాడు ఎక్కువ అడిగాడన్నది నా ఫిర్యాదు కాదు. ఎంత అడుగుతాడో ముందుగా ఎవరికీ తెలియదన్నది ఫిర్యాదు. బేరం ఎప్పుడు మొదలవుతుంది? బండి ఒరిగిపోయి, చీకట్లో నిలబడి, వేరే దారి లేనప్పుడు. అది బేరం ఎలా అవుతుంది? అదే రోడ్డు మీద టోలుగేటు చూడండి. ఈతకోట దగ్గర గాని, జగ్గంపేట అవతల కృష్ణవరం దగ్గర గాని కారుకు ఎంత, బస్సుకు ఎంత, ఎన్ని ఇరుసుల బండికి ఎంత అని ఎత్తైన బోర్డు మీద రూపాయితో సహా రాసి ఉంటుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది గనుక డబ్బు చేతికి కూడా తగలకుండా కోసుకుంటారు. తీసుకునే డబ్బుకు ఇంత స్పష్టమైన బోర్డు ఉన్న రోడ్డు మీద, ఆగిపోయినవాడు ఇచ్చుకోవలసిన డబ్బుకు చిన్న రేకు ముక్క కూడా లేదు.

1033 ఉంది కదా అని చదువుకున్నవాళ్ళు అంటారు. ఉంది. 2018 నుంచి జాతీయ రహదారులన్నిటికీ అదే నెంబరు. ప్రమాదమైతే అంబులెన్సు, బండి అడ్డంగా ఆగితే పెట్రోలు బండి, అవసరమైతే క్రేను. మంచిదే, ఫోనులో పెట్టుకోవలసిన నెంబరే. కాని ఆ క్రేను ముఖ్యంగా వచ్చేది రోడ్డు కోసం, మన కోసం కాదు. దారికి అడ్డం లేకుండా మన బండిని పక్కకు చేర్చడం దాని పని. టైరు బాగుచేయడం దాని పని కాదు. పక్కకు చేర్చాక మళ్ళీ మనమూ, చీకటీ, పంక్చరు కుర్రాడూ.

చట్టంలో ఒక తమాషా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 201వ సెక్షను, చెడిపోయిన బండిని రాకపోకలకు అడ్డంగా ఉంచితే గంటకు 50 రూపాయల వరకు అపరాధ రుసుము అనేది. 2019లో సవరించినప్పుడు 'చెడిపోయిన' అన్న మాట తీసేశారు, గంట లెక్క తీసేసి 500 చేశారు. మంచి బండిని అడ్డంగా పెట్టి టీ తాగడానికి పోయేవాణ్ణి పట్టుకోవడానికి ఇది బాగానే ఉంది. బండిని ప్రభుత్వం తరఫున తొలగిస్తే ఆ ఖర్చూ యజమానిదే. మరి పక్కకు తీసి నిలపడానికి గట్టి నేల, ఒక దీపం, ఒక నీళ్ళ కుళాయి ఎన్ని చోట్ల ఉన్నాయి? చోటు చూపించకుండా అడ్డం తీయమనడం ఎలా కుదురుతుంది? చోటు లేక రోడ్డు వారనే ఆగినవాళ్ళు బండి వెనక రాళ్ళు, కొమ్మలు పెడతారు. బాగయ్యాక కొమ్మలు తీస్తారో లేదో గాని రాళ్ళు అక్కడే వదిలేసి పోతారు. తెల్లవారుజామున పాలకు పోయే మోటారుసైకిలువాడు వాటి మీద పడతాడు. ఆ ఖర్చు ఏ ఖాతాలో రాయాలి?

లారీల గొడవ మాకెందుకు అనుకునే పూర్వ విద్యార్థులకు ఒక మాట. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కార్లలో వచ్చే పెద్దలు చాలామంది ఇన్సూరెన్సుతో పాటు 'రోడ్ సైడ్ అసిస్టెన్సు' కూడా కొన్నామని ధీమాగా ఉంటారు. దయచేసి ఆ కాగితం వెనకవైపు చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. చాలావాటిలో ఏడాదికి ఇన్నిసార్లే అని, లాక్కుపోవడం ఇన్ని కిలోమీటర్లే అని ఉంటుంది. స్టెప్నీ మార్చి పెడతారు, స్టెప్నీ లేకపోతే లాక్కుపోతారు. ట్యూబు, టైరు, సామాను ఖరీదు మనదే. 2020లో వచ్చిన సవరణ ప్రకారం టైరులో గాలి తగ్గితే తెలిపే పరికరమూ, పంక్చరు అతికే కిట్టూ ఇచ్చిన ట్యూబులెస్ కారుకు స్టెప్నీ ఇవ్వనక్కర లేదు. మీ డిక్కీలో అది ఉందో లేదో ఎప్పుడైనా చూశారా? ఇక మామూలు ఇన్సూరెన్సులో, బండికి దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పోతే ఏమీ రాదు. బండితో పాటు పోతే టైరు ఖరీదులో సగం వస్తుంది.

కారవాన్ల సంగతి ఇంకా ఇబ్బంది. మా వైపు సినిమా షూటింగులకు వచ్చే కారవాన్లను చూడడానికి చిన్నప్పుడు పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు ఇల్లులాంటి బండిలో కుటుంబంతో ఊళ్ళు తిరగడం కూడా మొదలవుతోంది. కేరళ ప్రభుత్వం 2021లో దీనికి ఒక పాలసీయే తెచ్చింది. లోపల మంచం, పొయ్యి, ఏసీ అన్నీ ఉంటాయి. కాని అది లారీ బరువు, బస్సు బరువు. కారుకు ఇచ్చే సహాయపు కార్డు దానికి పనికి వస్తుందో లేదో అడిగి కొనాలి. కారును లాగే బండి దాన్ని లాగలేదు. ఆ సౌకర్యాలకు పుట్టినిల్లు అనుకునే అమెరికాలో కూడా పెద్ద మోటారుహోములు చాలా వరకు స్టెప్నీ లేకుండానే వస్తాయి. అక్కడ ఇంకో బాధ ఏమిటంటే, అవి ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటాయి గనుక టైరు అరగకముందే ముసలిదై పగులుతుంది. పైకి గాట్లు బాగానే కనిపిస్తాయి. టైరు వయసు తెలుసుకోవడం కష్టం కాదు. పక్కగోడ మీద చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. సంక్రాంతికి బయలుదేరే ముందు వంగి చూసుకోవచ్చు, ఖర్చు లేని పని.

ఖర్చు లేని పని ఇంకొకటి, గాలి సరిగా చూసుకోవడం. చల్లగా ఉన్నప్పుడు, అనగా 30 డిగ్రీల వద్ద 110 పౌండ్లు కొట్టిన టైరు, నడిచి నడిచి లోపలి గాలి 70 డిగ్రీలకు వేడెక్కితే 126 దాకా చూపిస్తుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన వాయు నియమమే. అది చూసి కొందరు డ్రైవర్లు గాలి ఎక్కువైందని వదిలేస్తారు. చల్లారాక అది తక్కువ గాలి టైరు అవుతుంది. తక్కువ గాలి టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ కాలుతుంది. బాబాయికి ఇది చెబితే "నీ పుస్తకంలో లోడు ఉంటదా?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. అధిక లోడు ఎత్తమనేది ఆయన కాదు.

విమర్శించడం సులభం, ఏం చేయాలో చెప్పమని మా మాస్టారొకరు అన్నారు. నాకు తోచినవి చెబుతాను. పంక్చరుకు, చక్రం మార్చడానికి, కిలోమీటరుకింతని రావడానికి, పగలు ఎంత, రాత్రి ఎంత అన్న ధరలు షాపులవాళ్ళూ, లారీ యజమానులూ కూర్చుని నిర్ణయించుకుని, టోలుగేటు దగ్గరా, పెట్రోలు బంకుల దగ్గరా తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాసి పెట్టాలి. రాత్రి ధర ఎక్కువే ఉండనివ్వండి, ఉండాలి కూడా. రాసి ఉంటే డ్రైవరు చేతికి చీటీ వస్తుంది, ఆ ఖర్చు పైవాడి ఖాతాలోకి ఎక్కుతుంది. నా దృష్టిలో ఆ బోర్డు వల్ల మొదటి లాభం అదే. నర్సరీలవాళ్ళు లోడు ఒప్పుకునేటప్పుడే దారిలో ఆగిపోతే మొక్కల నష్టం ఎవరిదో కాగితం మీద రాసుకోవాలి. ఇప్పుడు అంతా నోటి మాటే. కడియపులంకకు అటూ ఇటూ లోడు లారీలు నిలవడానికి గట్టి నేల, దీపాలు, నీళ్ళు ఉన్న చోటు ఒకటి అడగాలి. మొక్కల మీద నీళ్ళు చల్లుకోవడానికైనా పనికి వస్తుంది. టోలు కడుతున్నాం గనుక అడగడానికి మొహమాటం అక్కరలేదు.

ఇవన్నీ ప్రభుత్వమో సంఘాలో చేయవలసినవి. మన కాలేజీ చేయగలిగింది ఒకటి ఉంది. షాపుల్లో గాలి కొలిచే గేజీలు కిందపడి, ముల్లు వంగి, ఒకటి చూపించిన లెక్క ఇంకొకటి చూపించదు. మన ఫిజిక్సు ల్యాబులో వాటిని సరిచూడడానికి కావలసిన పరికరం ఉంది. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ప్రతి ఏడూ చెట్లు నాటే ఊళ్ళోనే మళ్ళీ చెట్లు నాటుతున్నాం. వచ్చే క్యాంపులో ఒక వారం, రావులపాలెం నుంచి దివాన్‌చెరువు దాకా రోడ్డు పక్క షాపులన్నీ తిరిగి, గేజీలు సరిచూసి, ఎవరు రాత్రి వస్తారు, ఎంత దూరం వస్తారు, ఎంత తీసుకుంటారు, లాకు రింగుకు బోను ఉందా లేదా అని రాసుకురావచ్చు. యూనియన్‌వారు ఒప్పుకుంటే పది మందిమి సిద్ధంగా ఉన్నాం. మోటారుసైకిళ్ళు మావే. పెట్రోలు సంగతి మాత్రం యూనియన్‌వారు ముందే తేల్చి, చీటీ మీద రాసి ఇవ్వాలి.